రెండో వెర్షన్

కంప్యూటరు తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. మీ ప్లగ్-ఇన్ పాతబడిపోయింది, కొత్తది వేసుకోండి అని దాని సారాంశం. కింద ‘ఓకే’ అని ఒక్క మీటే ఉంది. వద్దనుకునేవాళ్ళకు మీట లేదు.

“ఒప్పుకోక తప్పేటట్టు లేదు” అని గొణుక్కుంటూ స్వర్ణకుమారి దాన్ని నొక్కింది. పెట్టె మాయమైంది. వెనకాల ‘తీరవార్త’ పత్రిక పేజీ వచ్చింది గానీ అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, విరిగిన గీతలు, నడుమ నడుమ ఖాళీ గళ్ళు. నిన్న సాయంత్రం ఇదే పేజీని ఆమె గడగడా చదివి వినిపించింది.

వెనక కూచున్న నలుగురూ మెడలు సాచారు.

“ఏటి టీచరమ్మా, ఏటైనాది?” అంది దాలమ్మ.

“మన మిషను ముసలిదైపోనాదంట, దాలమ్మప్పా. పేపరోళ్ళు తలుపేసీసినారు.”

“ముసిలోళ్ళకి తలుపులేసేస్తే మరి మనమెక్కడికెళ్తాం?”

అందరూ నవ్వారు. స్వర్ణకుమారి నవ్వలేదు.

అది 1999 సెప్టెంబరు. ఖరగ్‌పూర్ మథురాకాటిలో రైల్వే క్వార్టర్ల వరస చివర రేకుల కప్పు గది ఒకటి ఉంది. అదే తెలుగు పఠనాలయం. వర్క్‌షాపులో డ్యూటీ దిగినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, సాయంత్రం పూట అక్కడ చేరతారు. వాల్తేరు వైపు నుంచి రైల్లో వచ్చే పత్రికలు ఒక రోజు పాతబడి గానీ ఖరగ్‌పూర్ చేరవు. వర్షాకాలంలో అదీ నమ్మకం లేదు. రెండేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరు తన ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని, పాతదాన్ని పఠనాలయానికి ఇచ్చేశాడు. దానికి మోడెం పెట్టించి, కలకత్తాకు ఫోను కలిపి, శ్రీకాకుళం సంగతులు ఏ రోజువి ఆ రోజే చదివి వినిపించే అలవాటు స్వర్ణకుమారిదే. పేజీ తెర మీదికి రాగానే ఫోను కోసేసి, ఆనక తీరిగ్గా చదివేది.

ఆమె తెలుగు టీచరు. బడిలో పిల్లలు తగ్గిపోయారని తెలుగు సెక్షను మూసేసిన ఏడాది టీచర్లందరూ సమ్మతమే అని సంతకాలు పెడితే, ఆమె ఒక్కతే పెట్టలేదు. పెట్టనందువల్ల సెక్షను ఆగలేదు. ఆమెను డ్రాయింగు క్లాసులకు మార్చారు. పిల్లల చేత బొమ్మలు గీయించి, కింద బొమ్మ పేరు తెలుగులో రాయించేది. ఎవరైనా అడిగితే, అది కూడా డ్రాయింగేనండీ అనేది.

దాలమ్మ గోల్‌బజార్‌లో ఎండుచేపలు అమ్ముతుంది. పెనిమిటి వర్క్‌షాపులో ఖలాసీగా చేసి పోయాడు. ఉన్న ఒక్క కూతురు చిలకమ్మను ఇచ్ఛాపురం అవతల కొత్తరేవుపేటలో ఇచ్చింది. సముద్రం పక్కనే ఇల్లు. దాలమ్మకు చదువు రాదు. అయినా రోజూ బజారు కట్టేసి నేరుగా పఠనాలయానికే వచ్చేది. వాళ్ళ మండలం పేరు వినబడితే చాలు, అది రోడ్డు వేసిన సంగతైనా సరే, దొంగతనం సంగతైనా సరే, రెండుసార్లు చదివించుకునేది.

మర్నాడు పఠనాలయం కార్యదర్శి సుందర్ రాజు వచ్చి ఆ పిచ్చిగీతలు చూశాడు. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఆ కంప్యూటరు వచ్చిన రోజు నుంచీ ఆయనకు దానితో పడదు. పడదంటే, అది ఉన్న బల్ల మీద ఇదివరకు ఆయన చదరంగం ఆడేవాడు.

“నేను సెప్పలేదా టీచరుగారూ? దానికి రోజులైపోనాయి. పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చీసి టీవీ పెట్టుకుందాం. అందులో తెలుగు ఛానళ్ళొస్తాయి కదా.”

“మీ టీవీలో కొత్తరేవుపేట సంగతి సెప్తారేటండీ?”

“కొత్తరేవుపేట సంగతి ఎవరికి కావాలి?”

“దాలమ్మకి కావాలి.”

“ఆవిడ మెంబరే కాదు” అన్నాడు సుందర్ రాజు. “మీరు మంచోరు గనక సదివి పెడుతున్నారు. మూసీమని మిషనే సెప్తుంటే మీరెందుకు పట్టుదలకి పోతారు?”

“మిషను ఏటీ సెప్పలేదు. అవతలోడెవడో సెప్పినాడు. ఎవడు సెప్పినాడో కనుక్కుని మరీ మూద్దాం” అంది ఆమె. ఆ రోజు నుంచి గది తాళంచెవి కొంగున కట్టుకుంది.

మలంచా రోడ్డులో తపన్ దాస్‌కు కంప్యూటర్ల దుకాణం ఉంది. ముందు గదిలో కొత్తవి అమ్ముతాడు, వెనక గదిలో గంటల లెక్కన ఇంటర్నెట్ ఇస్తాడు. స్వర్ణకుమారి ఎదురుగా కూచుని సంగతంతా చెప్పింది. బెంగాలీలోనే చెప్పింది. ఆమె పుట్టింది ఈ ఊళ్ళోనే.

తపన్ ఓపిగ్గానే విన్నాడు. బ్రౌజరుకు పుట్టుకతో ఇంగ్లీషే వచ్చు, దానికి తెలుగు అక్షరాలు చూపించడం నేర్పే చిన్న ప్రోగ్రామే ఈ ప్లగ్-ఇన్ అని వివరించాడు. మీ దగ్గరున్నది మొదటి వెర్షన్ దీదీ, ఆ పత్రికవాళ్ళు ఇప్పుడు రెండోదైనా ఉండాలంటున్నారు, అన్నాడు.

“అయితే రెండోది ఇవ్వు.”

“రెండోది ఇప్పుడు లేదు. చేసిన కంపెనీవాళ్ళు దాన్ని తీసేసి మూడోది పెట్టారు. మూడోదానికి కొత్త బ్రౌజరు కావాలి. కొత్త బ్రౌజరుకు కొత్త విండోస్ కావాలి. అది ఎక్కాలంటే మీ మిషను సరిపోదు.” చేతులు రెండూ చాచి, ముందు గదిలో వరసగా పెట్టిన తెల్లటి కొత్త కంప్యూటర్లను చూపించాడు. “మీదాన్ని మ్యూజియంకి ఇచ్చేయండి దీదీ.”

“నా మిషను మొన్నటిదాకా చదివింది తపన్. దానికి జబ్బేమీ చేయలేదు. దాని ముందర పెట్టే కాగితం మార్చారు వాళ్ళు. అయినా రెండోది ఎక్కడా లేదంటే నేను నమ్మను. తయారైన వస్తువు ఎక్కడికి పోతుంది?”

తపన్ నవ్వాడు. “నిరుడు కంప్యూటరు పత్రికలు కొంటే ఉచితంగా సీడీలు ఇచ్చేవాళ్ళు. ఇలాంటి సరుకంతా వాటిలో వేసేవాళ్ళు. నిరుటి పత్రిక ఇప్పుడెవరు దాచుకుంటారు?”

అతను మాట వరసకన్నాడు. ఆమె ఆ మాటే పట్టుకుని లేచింది.

దాచుకునేవాళ్ళు లేకపోవచ్చు, పారేసేవాళ్ళు ఉంటారు కదా. ఊళ్ళో పారేసిన పత్రికలన్నీ చివరకు చేరేది గోల్‌బజార్ వెనక సందులో పాత కాగితాల కొట్లకే. బడి వదలగానే రోజూ అక్కడికి పోయేది. మూటలు విప్పడానికి కొట్టువాడు మొదట విసుక్కున్నాడు గానీ దాలమ్మ పక్కన నిలబడేసరికి నోరెత్తలేదు. ఆ సందులో దాలమ్మతో మాటకు మాట పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

“ఎలగుంటాది టీచరమ్మా అది?”

“పళ్ళెంలాగ గుండ్రంగా ఉంటాది. తళతళా మెరుస్తాది. మధ్యలో చిల్లుంటాది.”

“సదవక్కర్లేదు కదా?”

“అక్కర్లేదప్పా. మెరుపు కనబడితే సాలు.”

దాలమ్మ మూట ముందు గొంతుక్కూచుని, చేపల బుట్ట తిరగేసినట్టు పత్రికలు తిరగేసింది. సినిమా పత్రికలు, బెంగాలీ వారపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు. రెండు సీడీలు దొరికాయి. ఒకటి విరిగిపోయింది, రెండోది పాటలది. ఆరోజు చీకటి పడుతుంటే స్వర్ణకుమారికి నడుం పట్టేసి, ఇంక రేపు చూద్దాం అంది. “నీ ఇష్టం, నువ్వెళ్ళు. నాను కదల్ను” అంది దాలమ్మ. ఆ మూట అడుగున, తడికి అట్టలు అంటుకుపోయిన ఒక కంప్యూటరు పత్రికలో, ప్లాస్టిక్ సంచీతో సహా సీడీ దొరికింది. దాలమ్మ దాన్ని కొంగుతో తుడిచి మొహం చూసుకుని, “నా ముక్కు ఇంత వొంకరేటి?” అంది.

తపన్ దుకాణంలో ఆ సీడీ తెరిచి చూశారు. రెండో వెర్షన్ ఉంది. తపన్ తెరకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, మళ్ళీ తెరకేసి చూశాడు.  పఠనాలయం కంప్యూటరులో సీడీ పెట్టే చోటు లేదు, ఫ్లాపీలే గతి. ఆ ప్రోగ్రాము ఒక ఫ్లాపీలో పట్టదు. దాన్ని ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇచ్చాడు. “పెద్దగా ఆశ పెట్టుకోకండి దీదీ” అని మాత్రం అన్నాడు.

అతనన్నట్టే అయింది. మొదటి ఫ్లాపీ ఎక్కింది. రెండోది సగంలో కిరకిరలాడి ఆగిపోయింది. ఫ్లాపీ చెడిపోయింది. పైగా హార్డ్ డిస్కులో చోటు చాలదని ఇంకో పెట్టె వచ్చింది. అప్పుడే ఇంట్లో అత్తగారికి జ్వరం వచ్చి, ఆమె కొన్ని రోజులు పఠనాలయం వైపు రాలేకపోయింది. ఆ లోపల సుందర్ రాజు కమిటీని కూర్చోబెట్టి, కంప్యూటరును అమ్మేయడానికి తీర్మానం చేయించేశాడు. ఫలానా రోజు వచ్చి తీసుకుపొమ్మని కబాడీవాడికి కూడా చెప్పేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. దానికి ముందే తుపాను వచ్చింది.

అక్టోబరు మధ్యలో, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిందని రేడియోలో చెప్పారు. ఖరగ్‌పూర్‌లో ఈదురుగాలి, ఆగని ముసురు. దక్షిణం వైపు నుంచి రావలసిన బండ్లు రాలేదు. బండ్లు లేకపోతే పత్రికలు లేవు. ఇచ్ఛాపురానికి, సోంపేటకు, పలాసకు ఫోన్లు కలవడం లేదు. స్టేషనులో విచారణ కిటికీ దగ్గర ఆంధ్రావాళ్ళు గుంపులు కట్టి నిలబడ్డారు. లైను ఎప్పుడు బాగవుతుందో తెలీదు అన్నది తప్ప అక్కడ వేరే మాట లేదు. రేడియోలో జిల్లా పేరు చెప్పారు, ఊళ్ళ పేర్లు చెప్పలేదు. కబాడీవాడు రావలసిన ముందు రోజంతా దాలమ్మ స్టేషనులోనే ఉంది. మర్నాడు పొద్దున్నే తడిసిన చీరతో స్వర్ణకుమారి గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది.

“టీచరమ్మా, ఆ పెట్టె తెరు.”

అంతే అంది. స్వర్ణకుమారి బడికి పోలేదు. గొడుగు తీసుకుని, వానలోనే రిక్షా మాట్లాడుకుని మలంచాకు పోయింది. తపన్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. ఈసారి అతను మ్యూజియం మాట ఎత్తలేదు. కొత్త ఫ్లాపీ తీసి రెండో ముక్క ఎక్కించి, ఇంకోదానిలో కూడా అదే ఎక్కించి, రెండూ పాలిథిన్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. “చోటు చాలదంటే ఆటలు తీసేయండి దీదీ. ఆటలే ఎక్కువ మింగుతాయి” అన్నాడు.

ఆమె పఠనాలయానికి తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు తోపుడు బండి ఉంది. కబాడీవాడు గోనె కప్పుకుని చూరు కింద నిలబడ్డాడు. సుందర్ రాజు గొడుగు కింద ఉన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. తాళం వేసి ఉంది, తాళంచెవి ఆమె కొంగున ఉంది. అప్పటికే పది పదిహేనుమంది వానలో చేరారు. దాలమ్మే వాళ్ళను పోగేసింది.

“టీచరుగారూ, తాళం తియ్యండి. ఈడికి మాటిచ్చీసినాం” అన్నాడు సుందర్ రాజు.

“తీస్తాను. నేను లోపలికెళ్తాను. మిషను మాత్రం బయటికి రాదు.”

“కమిటీ తీర్మానం ఉంది.”

“ఉండనీండి. నేను దానికి ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. మీరు నన్ను కమిటీలోంచి తీసెయ్యండి, బయట గోడ మీద నా పేరు కొట్టేసుకోండి, రైల్వేలో డీఆర్ఎం గారి దాకా ఎళ్ళండి. దాన్ని ఎత్తాలంటే ముందు నన్ను ఎత్తి ఆ బండి మీద పెట్టాలి.”

“అది పాడైపోనాదని ఊరందరికీ తెలుసు!”

“పాడవలేదు” అంది స్వర్ణకుమారి. గొంతు ఇంత పైకి లేస్తుందని ఆమెకే తెలియదు. “అది పాతబడినాది. పాతబడ్డమూ పాడైపోవడమూ ఒకటేనా సెక్రెటరీ గారూ? మీరు రిటైరైనారు. మిమ్మల్ని మేం ఏ బండెక్కించినాం?”

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.  ఆమె సుందర్ రాజు పక్కనుంచే వెళ్ళి తాళం తీసింది.

కంప్యూటరు మెల్లగా లేచింది. ఆటలు ఒక్కొక్కటే వెతికి తీసేసింది. పేకాట పోయింది, చదరంగం పోయింది, బాంబులు వెతికే ఆట పోయింది. అక్కర్లేని రంగుల బొమ్మలు పోయాయి. మొదటి ఫ్లాపీ ఎక్కింది. రెండోది పెట్టింది. అది కిరకిరలాడింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ‘పూర్తయింది’ అని ఇంగ్లీషులో వచ్చేదాకా దాలమ్మ స్వర్ణకుమారి కుర్చీ వీపును విడవలేదు.

ఫోను కలపబోతే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. కలకత్తా మొత్తం ఆ నంబరుకే చేస్తున్నట్టుంది. చేసి చేసి వేలు నొప్పి పుట్టాక ఆ కీచుమనే చప్పుడు వినబడింది. తీరవార్త పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగసాగింది. ముందు ఖాళీ గళ్ళు వచ్చాయి.  అప్పుడు గళ్ళు ఒక్కొక్కటే నిండడం మొదలైంది. తలకట్లు, కొమ్ములు, గుడులు, సున్నలు. నల్లగా, గుండ్రంగా, తెలుగు.

“వొచ్చినాయా?” అంది దాలమ్మ.

“వొచ్చినాయప్పా.”

స్వర్ణకుమారి క్లాసులో చదివినట్టు నిలబడి చదివింది. ఎక్కడ కొబ్బరితోటలు పడిపోయాయో చదివింది, ఎక్కడ కరెంటు లేదో చదివింది. గాలికి కూలిన ఇళ్ళ సంగతి, చనిపోయినవాళ్ళ సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గలేదు గానీ ఒక్కో పేరు దగ్గర ఆగి చదివింది. ఆ పేర్లలో ఒకటి విని గుమ్మం దగ్గర నిలబడిన వర్క్‌షాపు నూకయ్య గోడకు చేరగిలబడ్డాడు. అది అతని మేనమామ పేరు. పక్కవాళ్ళు అతన్ని పట్టుకుని కూచోబెట్టారు.

కొత్తరేవుపేట సంగతి కింద ఎక్కడో, చిన్న అక్షరాల్లో ఉంది. తుపానుకు ముందు సాయంత్రమే పేటలో వాళ్ళందరినీ ఇచ్ఛాపురం హైస్కూలుకు తరలించారనీ, పడవలూ వలలూ కొట్టుకుపోయాయనీ, మనుషులకు ప్రమాదం లేదనీ రాశారు.

దాలమ్మ ఏడవలేదు. “మళ్ళీ సదువు” అంది. ఆమె మళ్ళీ చదివింది. “అందరినీ అన్నాడు కదా? కొందరిని అన్లేదు కదా?”

“అందరినీ అనే ఉందప్పా.”

దాలమ్మ తెర దగ్గరికి వెళ్ళి, ఆ మాట ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే, దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడింది.

అప్పుడు వెనకనుంచి సుందర్ రాజు గొంతు సన్నగా వినబడింది. “టీచరుగారూ, పలాసది ఏటైనా ఉందా? మా తమ్ముడు... ఫోను కలవట్లేదు.”

స్వర్ణకుమారి వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. “ఉంది. సదువుతాను. ముందు ఆ బండివాణ్ణి పంపెయ్యండి.”

ఆయన వెళ్ళి పంపేసి వచ్చాడు. ఆమె పలాసది చదివింది. మనుషుల సంగతేమీ లేదు. జీడితోటలు పోయాయని, స్టేషను పైకప్పు రేకులు లేచాయని మాత్రమే ఉంది. ఆయన దానికే చేతులు జోడించాడు. కంప్యూటరుకు జోడించాడో, దేవుడికి జోడించాడో ఎవరూ అడగలేదు.

లైను బాగయ్యేదాకా ఆ గది పొద్దుటినుంచీ నిండే ఉంది. ఊళ్ళో అటు నింపురా నుంచి, ఇటు ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి జనం వచ్చారు. తెలుగు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన అయ్యాక పఠనాలయంలో వార్తలు చదువుతున్నారని ప్రకటించారు. స్వర్ణకుమారి గొంతు బొంగురుపోయింది. బడికి సెలవు పెట్టి మరీ చదివింది.

నవంబరులో కమిటీ మళ్ళీ కూచుంది. అమ్మకం తీర్మానాన్ని సుందర్ రాజే వెనక్కి తీసుకున్నాడు. సభ ముగించబోతుంటే దాలమ్మ లోపలికొచ్చి, చందా బల్ల మీద పెట్టి, మెంబరుగా చేర్చుకోమంది.

“నిబంధన ఒప్పుకోదు దాలమ్మా” అన్నాడు సుందర్ రాజు, కష్టంగానే. “సదవను రాయను వొచ్చినోళ్ళకే మెంబరుషిప్పు. ఇది పఠనాలయం.”

“నాను సదవలేను. ఇంటాను. ఈ గదిలో నాకంటె ఎక్కువ ఇన్నోళ్ళెవరో సెప్పండి.”

“నిబంధన నేను రాసింది కాదు. మీ మావగారి కాలం నాటిది.”

“అయితే అది కూడా పాతబడినాదన్నమాట” అంది స్వర్ణకుమారి. “మార్చండి. సదవగలిగినవాళ్ళూ, వినగలిగినవాళ్ళూ అని రాయండి. ఎవరికైనా అభ్యంతరమా?”

నూకయ్య చెయ్యెత్తాడు. అభ్యంతరం అనుకున్నారు. “నేను ఒప్పుకుంటున్నాను” అన్నాడతను. మిగతా చేతులు ఒక్కొక్కటే లేచాయి. సుందర్ రాజుది కడపట లేచింది. కానీ లేచింది.

మర్నాడు సాయంత్రం దాలమ్మ వెంట ఇంకో ఇద్దరు ఎండుచేపల ఆడవాళ్ళు వచ్చారు. గంపలు నేరుగా లోపలికి తెచ్చేశారు. సుందర్ రాజు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గంపలు బయట పెట్టమన్నాడు. బయట పెడితే పిల్లులొస్తాయి, మీరు కాపలా కాస్తారేటి అంది దాలమ్మ. ఆయన కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి వచ్చి కూచున్నాడు. స్వర్ణకుమారి అప్పటికే కలకత్తాకు ఫోను కలుపుతోంది.